ఇంటి ముందు పేవర్లు వేయించాలి: 58కి చెప్పినాయనా, 96కి చెప్పినాయనా? (పర్లాకిమిడి)

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంటి ముందు వాకిలి, పక్క సందు, వెనక దొడ్డిలో కొంత కలిపి సుమారు 1,100 చదరపు అడుగులు పేవర్ బ్లాకులు (నేల మీద పరిచే కాంక్రీటు బ్లాకులు) వేయిద్దామనుకుంటున్నాం. ఇప్పుడంతా మట్టి నేలే. వాన పడితే గేటు నుంచి మెట్ల దాకా బురద. మామగారికి మోకాళ్ల నొప్పులు, ఎక్కడ జారిపడతారోనని వానాకాలమంతా టెన్షనే. మాకు కారు ఒకటి, స్కూటర్లు రెండు ఉన్నాయి. కోతలప్పుడు ధాన్యం ట్రాక్టర్ వెనక కొట్టు దాకా లోపలికి వస్తుంది.

ముగ్గురిని పిలిచి అడిగాం. ఊళ్లో కాంట్రాక్టర్ చదరపు అడుగుకి 58 రూపాయలు చెప్పాడు. పాతపట్నం వైపు నుంచి వచ్చినాయన 72 అన్నాడు. బరంపురం నుంచి వచ్చి టేపు పెట్టి కొలుచుకుని వెళ్లినాయన 96. ఒకే వాకిలికి ఇంత తేడా ఎందుకో అర్థం కావడం లేదు. 58 చెప్పినాయన తన కార్డు వెనక అంకె రాసి ఇచ్చాడు, అంతే. సగం డబ్బు ముందే కావాలట, జూన్‌లో రజ పండుగ వచ్చేలోగా పని అప్పగిస్తాడట. మా ఆయన ఉద్యోగం విశాఖలో. దగ్గరుండి చూసుకోవాల్సింది నేనే. ఏం అడగాలో, ఏం రాయించుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

బరంపురం బావ

అమ్మా, ముందుగా ఒక మాట. సగం డబ్బు ముందే ఇవ్వకండి. మా ఇంటికి వేసినాయన (పేరు అనవసరం) అడ్వాన్సు తీసుకుని బ్లాకులు దింపించాడు, రెండు రోజులు పని చేసి ఇంకో సైటుకి వెళ్లిపోయాడు. వాకిలి తవ్వేసి ఉంది, వానలు మొదలైపోయాయి. తిరిగొచ్చాక తడి మట్టి మీదే ఇసుక చల్లి బ్లాకులు పేర్చేశాడు. ఇప్పుడు కారు ముందు చక్రాలు నిలిచే చోట రెండు గుంటలు పడ్డాయి. వాన కురిస్తే అందులో నీళ్లు నిలుస్తాయి. బ్లాకు ఒక్కటి కూడా పగల్లేదు, చూడ్డానికి కొత్తవాటిలాగే ఉన్నాయి. లోపం అంతా కింద ఉంది.

రాయగడ మేస్త్రి

బావ గారు చెప్పిందే అసలు సంగతి. నేను ఈ పనే చేస్తాను, రాయగడ, గుణుపురం, బిస్సంకటక్ వైపు. అడుగుకి ఇంత అంటే ఆ ఇంతలో ఏమేం ఉన్నాయో చూడాలి. 58 అంటే చాలాసార్లు బ్లాకు, దాని కింద చారెడు ఇసుక, పరిచే కూలి, అంతే. తవ్వకం మీది, మట్టి ఎత్తిపోత మీది, అంచు రాయి విడిగా, కాంపాక్టర్ (నేలను అదిమి గట్టిపరిచే మిషను) అద్దె విడిగా. తర్వాత ఒక్కొక్కటే కలుపుకుంటూ పోతారు. 96లో ఇవన్నీ ఉండి ఉంటే అది ఖరీదు కాదు. లేకపోతే మటుకు ఖరీదే. ముగ్గురికీ ఒకే కాగితం ఇచ్చి, ఇందులో రాసినవాటికే రేటు చెప్పమనండి.

ఇంకోటి. తొందరపడి రజ లోపు కావాలనుకోవద్దు. జూన్ మధ్యలో రజ మూడు రోజులు మా ఒడియా కూలీలు భూమి మీద గునపం వెయ్యరు. భూదేవికి విశ్రాంతి ఇచ్చే రోజులవి. పండక్కి ఊళ్లకు వెళ్లినవాళ్లు మళ్లీ కూడేసరికి రుతుపవనాలు దిగుతాయి. తవ్వకం ఏప్రిల్, మేల్లో మొదలైతేనే చెయ్యండి. లేదంటే తుపాన్లు వెళ్లిపోయాక, నవంబరు దాటాక పెట్టుకోండి. తడి మట్టిని ఎంత దిమ్మిస కొట్టినా గట్టిపడదు.

వంశధార సివిల్ (గుణుపురం)

కొన్ని లెక్కలు చెబుతాను, దగ్గర పెట్టుకోండి.

పేవర్ బ్లాకులకు మన దేశంలో ఐఎస్ 15658 అనే ప్రమాణం ఉంది. మనుషులు నడిచే చోటుకి ఎం30 బలం (ఎం పక్కన అంకె పెరిగితే కాంక్రీటు అంత గట్టిది), కార్లు తిరిగే చోటుకి ఎం35 బలంతో 60 ఎంఎం మందం ఉండాలి. అంతకన్నా బరువైన బళ్లకి ఎం40, 80 ఎంఎం. మీకు ట్రాక్టర్ వస్తుందన్నారు కాబట్టి గేటు నుంచి కొట్టు దాకా ఉన్న దారికి 80 వేయించండి, మిగతాదానికి 60 చాలు. పైన మట్టం ఒకటిగా ఉండాలంటే 80 వేసే చోట కింద 20 ఎంఎం అదనంగా దించాలి. ఇది ముందే చెప్పకపోతే మేస్త్రి అక్కడ ఇసుక తగ్గించి సర్దేస్తాడు.

బ్లాకు కింద 25 నుంచి 40 ఎంఎం ఇసుక, దాని కింద కంకర, మొరం కలిపి గట్టిగా కొట్టిన పొర. కారు తిరిగే చోట ఆ పొర 4 నుంచి 6 అంగుళాలు ఉండాలి. ట్రాక్టర్ దారిలో 6కి తగ్గొద్దు. అంటే 60 ఎంఎం బ్లాకుకి, 30 ఎంఎం ఇసుకకి కలిపి మీ వాకిలి ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర అంగుళాల లోతు తవ్వాలన్నమాట. 58 చెప్పినాయన్ని ఒక్క ప్రశ్న అడగండి: ‘ఎంత లోతు తవ్వుతారు?’ మూడు, నాలుగు అంగుళాలు అన్నాడంటే కింద పొర వెయ్యడం లేదని అర్థం.

బరువు లెక్క కూడా పనికొస్తుంది. 60 ఎంఎం కాంక్రీటు బ్లాకు చదరపు మీటరుకి 144 కిలోల దాకా తూగుతుంది, 1,100 అడుగులకి దాదాపు పధ్నాలుగున్నర టన్నులు. లారీకి వేబ్రిడ్జి చీటీ అడగండి. బరువు బాగా తక్కువ వచ్చిందంటే మందమైనా తగ్గించి ఉండాలి, కాంక్రీటైనా బోలుగా ఉండాలి.

మహేంద్రతనయ

వంశధార గారూ, చాలా థాంక్స్. ఇప్పుడే 58 చెప్పినాయనకి ఫోన్ చేసి లోతు అడిగాను. ‘మూడు అంగుళాలు చాలమ్మా, మీ నేల గట్టిదే’ అన్నాడు. బరంపురం ఆయన మాత్రం తొమ్మిది అంగుళాలు, కంకర పొర తనదే అన్నాడు. పాతపట్నం ఆయన ఫోన్ ఎత్తలేదు.

ఇంకో అనుమానం. బ్లాకులు మంచివో కావో ఇంటి దగ్గర తెలుసుకునే ఉపాయం ఏమైనా ఉందా? ఎం35 అని నోటితో ఎవరైనా చెబుతారు కదా.

వంశధార సివిల్

సరైన పరీక్ష ల్యాబులోనే. పెద్ద పని అయితే తయారీదారు దగ్గర టెస్ట్ రిపోర్ట్ అడగొచ్చు, పేరున్నవాళ్లు ఇస్తారు. ఇంటి దగ్గర ఒక పని చెయ్యండి. లారీలో వేర్వేరు చోట్ల నుంచి నాలుగైదు బ్లాకులు తీయండి. ఎండలో బాగా ఆరనిచ్చి, పక్క కిరాణా కొట్టులో ఎలక్ట్రానిక్ కాటా మీద తూచి, సుద్దముక్కతో బరువు వాటి మీదే రాయండి. ఒక రోజు పూర్తిగా నీళ్లలో ముంచి ఉంచండి. తీసి, గుడ్డతో పై తడి తుడిచి మళ్లీ తూచండి. ప్రమాణం ప్రకారం నీరు పీల్చడం సగటున 6 శాతం దాటకూడదు. 200, 100, 60 ఎంఎం కొలతల ఇటుక ఆకారం బ్లాకు 2.9 కిలోల దరిదాపుల్లో తూగుతుంది, అంటే 170 గ్రాములకు మించి బరువు పెరగకూడదు. 300 గ్రాములు పెరిగిందంటే ఆ లారీని వెనక్కి పంపండి.

రాయగడ మేస్త్రి

ఒకటి పగలగొట్టి కూడా చూడండమ్మా. లోపల కంకర ముక్కలు అంతటా కలిసి కనపడాలి. పైన రంగు పొర నున్నగా ఉండి లోపల ఇసుకలా రాలిపోతోందంటే పోత పోసి సరిగా తడపలేదు. కొత్త బ్లాకులు కనీసం వారం తడపాలి, పూర్తి బలం రావడానికి 28 రోజులు పడుతుంది. సీజనులో గిరాకీ ఎక్కువై పదో రోజునే లారీ ఎక్కించేవాళ్లున్నారు. బ్లాకుల మీద తయారు చేసిన తేదీ లేకపోతే బిల్లు మీద రాయించుకోండి. రబ్బరు అచ్చులో పోసిన మెరుపు బ్లాకులు చూడ్డానికి బాగుంటాయి గానీ తడిస్తే జారతాయి. మీ మామగారి సంగతి చెప్పారు కాబట్టి, మెట్ల దగ్గర, కుళాయి దగ్గర గరుకు బ్లాకులే వేయించండి.

పెరటి మొక్కలు (కాశీనగరం)

అక్కా, దొడ్డిలో కొబ్బరి చెట్లు, పనస ఉన్నాయా? ఉంటే మొదలు చుట్టూ కనీసం మూడడుగులు మట్టి వదిలెయ్యండి. బ్లాకులు మొదలు దాకా తెచ్చి పేరిస్తే చెట్టుకి నీళ్లు అందవు, నాలుగేళ్లకి వేరు బ్లాకుల్ని పైకి లేపుతుంది. తులసి కోట చుట్టూ కూడా అడుగు వదలండి. నన్నడిగితే వెనక దొడ్డి మొత్తం వెయ్యకుండా నడిచే దారి వరకు వేసి మిగతాది మట్టిగానే ఉంచండి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు గజపతి జిల్లాలో ఎంత వాన కురిసిందో మనందరికీ తెలుసు. ఆ నీళ్లు దిగడానికి కాస్త నేల మిగలాలి కదా. బోరు కూడా మీ దొడ్డిలోనే ఉండి ఉంటుంది.

మహేంద్రతనయ

కొబ్బరి చెట్లు మూడు, పనస ఒకటి ఉన్నాయి తమ్ముడూ. బోరు పనస పక్కనే. నువ్వు చెప్పింది నచ్చింది, అత్తగారికి చెప్పాను. ఆవిడ వెనక బట్టలారేసే చోటు మాత్రం కావాలంటున్నారు. మిగతాది మట్టే ఉంచుదాం. అప్పుడు పని 800 అడుగులకి దిగుతుంది.

అత్తగారు ఇంకోటి కూడా అంటున్నారు. బ్లాకుల మధ్య సందుల్లో ఇసుక ఎందుకు, సిమెంటు పెడితే గడ్డి రాదు, చీమలు రావు కదా అని. నిజమేనా?

జయపురం మాస్టారు

అమ్మా, మా జయపురంలో మా పక్కింటివాళ్లు అచ్చం అలాగే వేయించారు, కింద సిమెంటు, సందుల్లో సిమెంటు. మొదటి ఏడు చాలా బాగుంది. రెండో వానాకాలం తర్వాత సందుల్లో సిమెంటు పగుళ్లిచ్చి ముక్కలుగా లేచింది. తర్వాత డ్రైనేజీ పైపు జాం అయితే బ్లాకులు విడిగా రాలేదు, సుత్తితో పగలగొట్టాల్సి వచ్చింది. ఇసుక మీద వేసినవైతే ఒక్కొక్కటి ఎత్తి, పైపు బాగు చేసి, మళ్లీ అదే రాయి అక్కడే పెట్టుకోవచ్చు. అత్తగారికి ఈ మాట చెప్పి చూడండి.

వంశధార సివిల్

మాస్టారు చెప్పింది సరైనది. ఇసుక మీద పేర్చే పద్ధతిలో బ్లాకులు కొంచెం కదులుతూ పక్కదానికి బరువు పంచుతాయి. అందుకే సందు 2 నుంచి 4 ఎంఎం ఉంచి సన్నటి పొడి ఇసుక నింపుతారు. సిమెంటుతో బిగించేస్తే ఆ కదలిక ఉండదు, పగులుతుంది. సాధారణంగా గడ్డి కింద నుంచి రాదు, గాలికి వచ్చిన విత్తనం పైన సందులో పడి మొలుస్తుంది. ఏటా ఒకసారి చీపురుతో ఇసుక నింపుకుంటూ ఉంటే అదీ తగ్గుతుంది.

పై కప్పు నీళ్ల పైపు బ్లాకుల మీద నేరుగా పడనివ్వకండి. ధారకి సందుల్లో ఇసుక కొట్టుకుపోయేది మొదట అక్కడే. ఆ పైపుని కాలువలోకో, ఇంకుడు గుంతలోకో కలపండి.

రాయగడ మేస్త్రి

ఇసుక గురించి ఒక మాట. మా వైపు మంచి నది ఇసుక దొరకడమే కష్టం, దొరికినా ధర మండిపోతోంది. మేము క్రషర్ డస్టే (కంకర కొట్టే మిల్లులో వచ్చే రాతి పొడి) వేస్తాం. చాలా ఇళ్లు చేశాం, నిలబడ్డాయి. డస్టు అనగానే కాంట్రాక్టర్ మోసం చేస్తున్నాడని అనుకోవద్దని చెబుతున్నాను.

వంశధార సివిల్

మేస్త్రి గారూ, మీరు చేసిన పనుల గురించి నాకు అనుమానం లేదు. డస్టుల్లో తేడా ఉంటుంది. మెత్తటి పిండి ఎక్కువున్న డస్టు నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది, బండి ఎక్కినప్పుడల్లా బురదై సందుల్లోంచి పైకి తన్నుకొస్తుంది. కడిగిన ముతక రకం అయితే ఇబ్బంది లేదు. పరీక్ష సులువే: గుప్పెడు తడిపి గట్టిగా పిసికి వదలండి. అరచేతికి పేస్టులా అంటుకుని మిగిలితే అది బ్లాకుల కిందకి పనికిరాదు.

గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు వాళ్లు సముద్రపు ఇసుక మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయించకండి. ఉప్పు పైకి పొంగి బ్లాకుల మీద తెల్లటి పొర వస్తుంది, గేటు కాళ్లు, ఇనుప సామాను తుప్పు పడతాయి.

రాయగడ మేస్త్రి

పిసికి చూడటం మేమూ చేస్తాం, ఒప్పుకుంటాను. మహేంద్రతనయ గారు కాగితం మీద ‘పిండి లేని ముతక ఇసుక లేదా కడిగిన డస్టు’ అని రాయించుకుంటే ఇద్దరికీ గొడవ ఉండదు.

వాటం సంగతి ఎవరూ ఎత్తలేదు. పది అడుగులకి రెండు, రెండున్నర అంగుళాల వాటం ఉండాలి, ఇంటి గోడ నుంచి బయటికి. తవ్వకముందే రెండు కొసలా మేకులు కొట్టి, దారం కట్టి, మట్టం పైపు పెట్టి చూపించమనండి. అప్పుడు మీరే బకెట్టు నీళ్లు తెచ్చి, నీళ్లు ఎటు పోవాలో చూపించండి. వీధి కాలువ మీ వాకిలి కన్నా ఎత్తులో ఉందేమో చూడండి. పాత వీధుల్లో రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెంచేశారు, చాలా ఇళ్లు పల్లంలోకి వెళ్లిపోయాయి. పక్కింటి గోడ వైపు వాటం పెడితే మాత్రం తగువే.

గోడ పక్కన పైమట్టం ఇంటి పునాది తడి అడ్డుపొర కన్నా ఆరంగుళాలు కిందే ఉండాలి. ఎత్తు పెంచి వేస్తే వాన నీళ్లు ఎగిరి గోడకి తగిలి, లోపల గదిలో చెమ్మెక్కుతుంది.

బరంపురం బావ

మాకు అంచు రాళ్లు కూడా వెయ్యలేదు. చివరి వరస బ్లాకులు మొక్కల వైపు జరిగిపోయి, ఇప్పుడు సందుల్లో వేలు దూరుతోంది. ఇదెలా సరిచేయించుకోవాలి?

రాయగడ మేస్త్రి

బావ గారూ, జరిగిన వైపు మూడు నాలుగు వరసలు ఎత్తించండి. అంచు రాయిని కాంక్రీటులో కూర్చోబెట్టి, వెనక కూడా కాంక్రీటు ఆనించి, అది గట్టిపడ్డాక బ్లాకులు తిరిగి పేర్చి కాంపాక్టర్ తిప్పించాలి. అంచు లేని పేవర్లు పరుపు మీద పేర్చిన పలకల్లాంటివి, ఒకటి జరిగితే అన్నీ జరుగుతాయి. చక్రాల గుంటలు మాత్రం పై నుంచి బాగవ్వవు. అక్కడి బ్లాకులు తీసి, ఇసుక తోడి, కింద కంకర వేసి కొట్టాల్సిందే. బ్లాకులు మీవే కాబట్టి కూలి, కంకర ఖర్చుతో పోతుంది.

ఇచ్ఛాపురం వకీలు

పని గురించి పెద్దలు చెప్పారు, నేను కాగితం గురించి చెబుతాను. సరిహద్దులో ఉన్నాం కాబట్టి ఇది ముఖ్యం.

పాతపట్నం ఆయన్ని పెట్టుకుంటే సరుకు ఆంధ్ర నుంచి ఒడిశాకి వస్తుంది. పేవర్ బ్లాకుల మీద జీఎస్టీ 18 శాతం. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే చీటీ) లేకుండా లారీ కదలకూడదు. ‘బిల్లు లేకుండా అయితే తగ్గించి ఇస్తా’ అనే మాట విని ఆశపడకండి. దారిలో పట్టుకుంటే జరిమానా ఎవరు కట్టాలన్నది మీ గుమ్మంలో పంచాయతీ అవుతుంది. చెప్పిన రేటు పన్నుతో కలిపా, కాకుండానా, లారీ ఇంటికి చేరి బ్లాకులు దింపేదాకా బాధ్యత ఎవరిదన్నది ముందే రాయించండి. దించేటప్పుడు విరిగినవి లెక్కలోకి రావు అని కూడా.

ఒప్పందం మామూలు తెల్ల కాగితం మీద రాసుకున్నా చెల్లుతుంది. ఇద్దరికీ వచ్చిన భాషలో రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. మేస్త్రికి ఒడియాయే వస్తే ఒడియాలో ఇంకో ప్రతి. డబ్బు బ్యాంకు ద్వారానో, యూపీఐ ద్వారానో ఇవ్వండి.

పని చెడితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. పని చేసినాయన ఏ రాష్ట్రం వాడైనా సరే, మీరు ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వెయ్యొచ్చు. పాతపట్నం మనిషి మీద కేసుకి శ్రీకాకుళం తిరగక్కర్లేదు. ఇచ్చిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్లలోపు వెయ్యాలి. సలహాకి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరు ఉంది. బరంపురం బావ గారూ, మీకు గడువు ఉందేమో చూసుకోండి, గుంటల ఫోటోలు తేదీలతో తీసి పెట్టుకోండి.

బరంపురం బావ

పని అయ్యి ఇంకా ఏడాది కూడా కాలేదు వకీలు గారూ. యూపీఐలో ఇచ్చినవి ఉన్నాయి, మెసేజీలు ఉన్నాయి. రేపే ఫోటోలు తీస్తాను. చాలా సంతోషం.

మహేంద్రతనయ

మరి డబ్బు ఎలా ఇవ్వాలి? సగం అడిగినాయన ‘అడ్వాన్సు లేకుండా బ్లాకులు ఎవడిస్తాడమ్మా’ అంటున్నాడు. అదీ నిజమే అనిపిస్తోంది.

రాయగడ మేస్త్రి

నిజమే. మాకు కూడా ఫ్యాక్టరీ అప్పు ఇవ్వదు. నేనైతే ఇలా మాట్లాడుకుంటాను: బయానా పది శాతం. బ్లాకుల డబ్బు లారీ మీ గేటు ముందుకి వచ్చి, మీరు కొలిచి చూసుకున్నాక, బిల్లు మీద. కింద పొర కొట్టి మీకు చూపించాక కొంత. పేర్చి కాంపాక్టర్ తిప్పాక మిగతాది, అందులో పది శాతం ఒక మంచి వాన పడేదాకా ఆపండి. కానీ ఆ పది శాతానికి కూడా గడువు రాయండమ్మా. వాన పడ్డాక వారంలో చూసి, బాగుంటే ఇచ్చెయ్యాలి. నెలల తరబడి తిప్పేవాళ్లు ఉన్నారు, ఆ పది శాతమే మా కూలి.

జయపురం మాస్టారు

మేస్త్రి గారి మాట న్యాయంగా ఉంది. ఎండలో వంగి పని చేసేవాళ్లకి ఆఖరి రోజు డబ్బు చేతిలో పడాలి. అమ్మా, మీరు కూడా మంచినీళ్లు, నీడ, మరుగుదొడ్డి ముందే చూసి పెట్టండి.

మహేంద్రతనయ

తప్పకుండా మాస్టారూ. మీరందరూ చెప్పినవి కలిపి కాగితం రాశాను: దారికి 80, మిగతాదానికి 60 ఎంఎం, ఎం40, ఎం35, ఐఎస్ 15658. తవ్వకం, మట్టి ఎత్తిపోత ఆయనదే. కారు చోట కంకర, మొరం 4 అంగుళాలకి తగ్గకుండా, దారిలో 6. పిండి లేని ఇసుక 30 ఎంఎం. కాంక్రీటులో అంచు రాళ్లు. వాటం పది అడుగులకి రెండు అంగుళాలకి తగ్గకుండా, వీధి కాలువ వైపు. కాంపాక్టర్ తిప్పడం. చెట్ల చుట్టూ మూడడుగులు వదలడం. రేటు జీఎస్టీతో కలిపి. వేసిన కొలత ప్రకారమే డబ్బు. పాతిక బ్లాకులు మాకు అదనంగా. బరంపురం ఆయన ఈ కాగితం చూసి, 60 వేసే చోటుకి 91కి దిగాడు, 80కి విడి రేటు చెప్పాడు. పాతపట్నం ఆయన ఫోన్ చేసి 88 అన్నాడు. ఊళ్లో ఆయన ఇంకా ఏమీ చెప్పలేదు. పాతపట్నం ఆయన వేసిన రెండు ఇళ్లు చూసి రమ్మన్నాడు, ఆదివారం మా ఆయన వస్తే వెళతాం.

వంశధార సివిల్

వెళ్లినప్పుడు కొత్త ఇల్లు కాదు, రెండు వానాకాలాలు దాటిన ఇల్లు అడిగి చూడండి. గేటు లోపల చక్రాలు తిరిగే మలుపు, కుళాయి చుట్టూ, అంచు వరస, ఈ మూడు చోట్లే చూస్తే చాలు. ఇంటివాళ్లతో పని చేసినాయన లేకుండా ఐదు నిమిషాలు మాట్లాడండి. ఇంకోటి, తవ్వకం అయ్యాక కింద పొర వెయ్యకముందు గేటు నుంచి మొక్కల దాకా నాలుగంగుళాల ఖాళీ పీవీసీ పైపు ఒకటి అడ్డంగా పాతించండి. రేపు కరెంటు వైరో, నీళ్ల పైపో కావాలంటే వాకిలి తవ్వక్కర్లేదు.

రాయగడ మేస్త్రి

కాగితంలో ‘కాంపాక్టర్ తిప్పడం’ అని ఒక్కసారే రాశారు. అది మూడు సార్లు రాయండి: కింద పొరకి రెండు విడతలుగా, బ్లాకులు పేర్చాక, సందుల్లో ఇసుక నింపాక మళ్లీ. ఒక్కసారే రాస్తే చివర్లో ఒక పూట మిషను తెచ్చి తిప్పి, అయిపోయిందంటారు. సెప్టిక్ ట్యాంకు మూత ఎక్కడుందో కూడా కాగితం మీద బొమ్మ గీసి గుర్తు పెట్టండి, దాని మీదుగా మిషను తిప్పకూడదు.